నెలకు ఆరొందల కిలోమీటర్లు తిరిగే కారుకు గ్యాసెందుకు?

ఈ మధ్య మా ఇంట్లో నడిచిన పెద్ద చర్చ కారుకు గ్యాసు కిట్టు పెట్టించడం గురించి. మొదలుపెట్టింది మా ఆయన. వాళ్ల ఆఫీసులో ఒకాయన తన పాత కారుకు ఎల్‌పీజీ కిట్టు వేయించుకుని, పెట్రోలు ఖర్చు సగానికి సగం తగ్గిందని క్యాంటీన్లో చెప్పాడట. ఆ "సగానికి సగం" మా ఇంటిదాకా వచ్చింది. అప్పట్నుంచీ బంకులో మీటరు గిర్రున తిరుగుతుంటే ఈయనకు అదే మాట గుర్తొస్తోంది. మా కారు 2016లో కొన్న పెట్రోలు బండి. ఎక్కువ నడిపేది నేను, ఇంటి జమాఖర్చులు రాసేదీ నేనే. కాబట్టి ఈ సంగతేదో నేనే తేలుస్తానన్నాను.

తేల్చుకున్నాక నా మాట ఇది. మాలాంటి ఇంటి కారుకు ఎల్‌పీజీ గిట్టుబాటు కాదు. రోజంతా బండి తిప్పి బతికేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది, అదీ చట్టప్రకారం చేయించుకుంటేనే. ఇంతకుమించి నన్ను కలవరపెట్టిన సంగతి ఇంకొకటుంది. "సగానికి సగం" అన్న మాట ఎలా పుట్టిందో లెక్కలోనే బయటపడింది. అది తెలిశాక ఈ పోస్టు రాయకుండా ఉండలేకపోయాను.

లీటరు రేటు కాదు, కిలోమీటరు రేటు చూడాలి

హైదరాబాదులో పెట్రోలు 2024 మార్చి తర్వాత చాలాకాలం 107 రూపాయల చిల్లర దగ్గర నిలబడింది. దాన్నే తీసుకుందాం. ఆటో ఎల్‌పీజీ, అంటే బండ్ల కోసం బంకుల్లో అమ్మే గ్యాసు, రేటు నెలనెలా మారుతుంది, బంకు బంకుకీ తేడా ఉంటుంది. లెక్క కోసం లీటరు 65 అనుకుందాం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే నలభై శాతం ఆదా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోయి కిట్టుకు అడ్వాన్సు ఇచ్చేస్తారు.

కానీ లీటరు ఎల్‌పీజీలో లీటరు పెట్రోలంత సత్తువ ఉండదు. ఎల్‌పీజీ అంటే ప్రొపేను, బ్యూటేను కలిపి ఒత్తిడిలో ద్రవంగా ఉంచిన గ్యాసు. లీటరు పెట్రోలు దాదాపు ముప్పావు కిలో తూగితే, ఇది అరకిలో మీద కాస్త ఎక్కువ, అంతే. కిలోకి కిలో చూస్తే గ్యాసుదే పైచేయి, కానీ మనకు అమ్మేది లీటర్లలో. అందుకే అదే కారు గ్యాసు మీద లీటరుకు ఇరవై శాతం దాకా తక్కువ దూరం వెళ్తుంది. ఏసీ వేసుకుని కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట ట్రాఫిక్‌లో మా కారు ఇచ్చే మైలేజీ 12. గ్యాసు మీద అది 9.6 అవుతుంది. అంటే కిలోమీటరుకు పెట్రోలు 8 రూపాయల 92 పైసలు, గ్యాసు 6 రూపాయల 77 పైసలు. మిగిలేది 2 రూపాయల 15 పైసలు. నలభై శాతం కాస్తా ఇరవై నాలుగుకు దిగింది.

కిట్టు ఖర్చు కూడా చూడాలి. మంచి సీక్వెన్షియల్ కిట్టు (ఒక్కో సిలిండరుకు విడిగా గ్యాసు పోసేది), ట్యాంకు, బిగింపు, ఆర్సీలో ఎక్కించే ఖర్చు అన్నీ కలిపి 45 వేలు అనుకుందాం. మా కారు నెలకు ఆరొందల కిలోమీటర్లు తిరుగుతుంది, అంటే ఏడాదికి 7,200. అదంతా గ్యాసు మీద నడవదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బండి పెట్రోలు మీదే స్టార్టవుతుంది. ద్రవంగా ఉన్న ఎల్‌పీజీని ఆవిరి చేసే రిడ్యూసరు ఇంజను కూలెంటు (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) వేడితోనే పనిచేస్తుంది కాబట్టి, కూలెంటు వేడెక్కాకగానీ సిస్టం గ్యాసుకు మారదు. పిల్లల్ని ట్యూషన్లో దింపడం, కూరగాయలు తెచ్చుకోవడం, ఇలాంటి చిన్న చిన్న తిరుగుళ్లలో సగం దారి పెట్రోలు మీదే గడిచిపోతుంది. మొత్తంలో పదిహేను శాతమైనా అలా పోతుందనుకుంటే గ్యాసు మీద నడిచేది దాదాపు 6,100 కిలోమీటర్లు. ఏడాది ఆదా 13 వేల పైచిలుకు.

ఇందులోంచి తీసేయాల్సినవి రెండున్నాయి. ఇన్సూరెన్సులో కిట్టు విలువ మీద సాధారణంగా నాలుగు శాతం అదనంగా కట్టాలి, థర్డ్ పార్టీకి ఇంకో 60 రూపాయలు, పైన జీఎస్టీ. అది రెండు వేల పైనే. గ్యాసు ఫిల్టర్లు, ట్యూనింగు, స్పార్క్ ప్లగ్గులు అన్నీ కలిపి ఏడాదికి ఇంకో రెండు వేలు. చివరికి చేతిలో మిగిలేది తొమ్మిది వేల లోపు. 45 వేలు తిరిగి రావడానికి అయిదేళ్లు పడుతుంది. మా కారుకు 2031తో పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అంటే కిట్టు డబ్బు చేతికొచ్చే వేళకు కారు చేయి దాటిపోతుంది.

మా ఆయన ఒక మంచి ప్రశ్న వేశారు. "పెట్రోలు 120 అయితే?" నిజమే, పెట్రోలు పెరిగితే తేడా పెరుగుతుంది. కానీ ఆ మాట రెండు వైపులా పనిచేస్తుంది. ఎల్‌పీజీ 55కు దిగితే మూడేళ్లలో డబ్బు వెనక్కొస్తుంది. 75కు ఎక్కితే? కిలోమీటరుకు మిగిలేది 1 రూపాయి 11 పైసలు. ఖర్చులు పోను ఏడాదికి రెండున్నర వేలు. అప్పుడు కిట్టు డబ్బు రావడానికి పదిహేడేళ్లు కావాలి. గ్యాసు రేటు పదిహేను శాతం పెరిగితే కిలోమీటరు మీద ఆదా సగానికి పడిపోయింది. ఇక్కడ మన లాభం ఒక రేటు మీద లేదు, రెండు రేట్ల మధ్య ఉన్న సన్నటి సందులో ఉంది. ఆ సందు రెండు గోడల్లో ఏది కదిలినా మారిపోతుంది.

ఆ గోడలు రెండూ మన చేతిలో లేవు. మన దేశంలో వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి వస్తుంది. ధర సౌదీ కంపెనీ ఆరామ్‌కో నెలనెలా ప్రకటించే రేటును బట్టి నడుస్తుంది. గల్ఫ్‌లో ఏ గొడవ జరిగినా ముందు గ్యాసు మీదే పడుతుంది. ఇటు పెట్రోలు మీద తెలంగాణలో వ్యాటు 35.2 శాతం. ఆంధ్రలో 31 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఆటో ఎల్‌పీజీ మీదేమో జీఎస్టీ 18 శాతం. అంటే మనం ఆదా అనుకుంటున్నదాంట్లో పెద్ద వాటా పన్నుల్లో తేడాయే. అది ఒక్క జీవోతో మారిపోగలదు. అయిదేళ్లపాటు ఇది ఇలాగే ఉంటుందన్న నమ్మకం మీద 45 వేలు ముందే పెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

బంకు దగ్గర ఆటోవాళ్లు

లెక్కలు కాగితం మీద వేసి ఊరుకోలేదు. మా దారిలో ఉన్న ఆటో గ్యాసు బంకు దగ్గర ఒక సాయంత్రం ఆగాను. ఆటోల లైను రోడ్డు దాకా ఉంది. లైనులో ఉన్న ఒక ఆటో అతన్ని అడిగితే, తెరిచిన పుస్తకంలా చెప్పాడు.

"మాకైతే ఇదే అన్నం పెడ్తది మేడమ్. పొద్దుగాల్ల ఎక్కితే రాత్రి దాంక తిరుగుడే. మీ కారేమో ఇంటి ముందర నిలబడే ఉంటది. నిలబడే బండికి గ్యాసెందుకు?"

నేను నాలుగు పేజీల్లో వేసుకున్న లెక్క అతను ఒక్క మాటలో చెప్పేశాడు. లైను సంగతి అడిగితే ముఖం చిన్నబోయింది. "లైన్ల నిలబడుడే సగం బాధ. గీ టైముల రెండు గిరాకీలు పోతయ్." అతనికి ఆ నిలబడే సమయం డబ్బు. నాకు అది పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళ. బంకులు తక్కువగా ఉండటం వల్ల పడే ఈ ఖర్చును ఏ కిట్టు దుకాణమూ తన లెక్కలో చూపించదు.

కారు ఎల్‌పీజీ ఒకప్పుడు ఇంత అరుదు కాదు. 2000లో చట్టం మార్చి బండ్లలో ఎల్‌పీజీ వాడకానికి వీలిచ్చారు. 2006లో మారుతి వ్యాగన్ఆర్ డ్యుయో తెచ్చినప్పుడు ఎల్‌పీజీ కారు కంపెనీ నుంచే వచ్చేది. ఇప్పుడు పెద్ద కంపెనీలు తమ బలమంతా సీఎన్‌జీ (బాగా ఒత్తి నింపిన సహజవాయువు) వైపు పెట్టాయి. హైదరాబాదు, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ బంకులున్నాయి, ఏటా కొత్తవి వస్తున్నాయి. ఎల్‌పీజీకి అలాంటి ఊపు కనిపించదు. తయారు చేసేవాళ్లే వదిలిపెట్టిన దారిలో మన డబ్బుతో మనం అడుగు పెట్టడమెందుకన్నది కూడా నా ప్రశ్న.

అయితే మంచిని మంచి అనాలి. టర్కీ, పోలండ్, ఇటలీ, దక్షిణ కొరియాల్లో లక్షల కార్లు ఈ గ్యాసు మీదే నడుస్తున్నాయి. మన దుకాణాల్లో దొరికే లొవాటో, బీఆర్సీ లాంటి కిట్లు ఇటలీ పేర్లే. ఎల్‌పీజీ ఆక్టేను పెట్రోలు కన్నా ఎక్కువ, మసి తక్కువ, ఇంజనాయిలు త్వరగా నల్లబడదు. సీఎన్‌జీలా 200 బార్ల ఒత్తిడి కాదు, ట్యాంకులో మామూలుగా పది బార్ల లోపే ఉంటుంది కాబట్టి ట్యాంకు తేలిక. స్టెప్నీ గుంటలో పట్టే గారె ఆకారపు ట్యాంకు దొరుకుతుంది, డిక్కీ పోదు. పికప్ తగ్గడం కూడా సీఎన్‌జీ అంత తెలియదు. గ్యాసు పెడితే ఇంజను పోతుందని కొందరు అనే మాట అన్ని బండ్లకూ నిజం కాదు. పెట్రోలులా వాల్వుల మీద తడి ఉండదు కాబట్టి మెత్తటి వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోట్లు) ఉన్న ఇంజన్లలో అరుగుదల త్వరగా వస్తుంది. అలాంటి బండికి వాల్వు క్లియరెన్సు (వాల్వు దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ) చూపించుకుంటూ ఉండాలి. అది తెలిసిన మెకానిక్కు ఉంటే పెద్ద చిక్కు లేదు.

అసలు చిక్కంతా చవక కిట్టుతో వస్తుంది. సీక్వెన్షియల్ అంటే ఒక్కో సిలిండరుకు ఒక్కో గ్యాసు ఇంజెక్టరు, కారు కంప్యూటరు చెప్పినంతే గ్యాసు పోస్తుంది. పాత పద్ధతిలో మిక్సరు ఒకటి పెట్టి గాలితోపాటు గ్యాసు లాగిస్తారు. ఇంజెక్షను బండికి అది పెడితే ఇంజన్లోకి గాలి వెళ్లే ఇన్‌టేకు నిండా గ్యాసూ గాలీ కలిసి ఉంటాయి, ఒక్కోసారి అక్కడే అంటుకుని ఎయిర్ ఫిల్టరు డబ్బా పగిలిపోతుంది. నేను వెళ్లిన ఫిట్టింగు సెంటర్లో అలా పగిలిన డబ్బా ఒకటి బల్ల కింద పడి ఉంది. మూత రెండు ముక్కలు, లోపలి కాగితం అంచులు కాలి ఉన్నాయి. దాని పక్కనే కుర్రాడొకడు వేరే బండికి ఇంకో మిక్సరు బిగిస్తున్నాడు, "పన్నెండు వేలు తక్కువ మేడమ్" అంటూ.

సెల్లారులో ఆగే గ్యాసు

అమ్మ ఇటీవల ఊరి నుంచి వచ్చింది. గ్యాసు కారు మాట వినగానే "అమ్మో, నేనెక్కను" అంది. మాది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. ఆ మంట వెలుగులో రాత్రి పెరట్లో గిన్నెలు తోముకున్నామని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయినప్పుడు, తెల్లారేసరికి ఏ ఊరు, ఎవరు అని ఫోన్ల మీద ఫోన్లు. అలాంటి చోట పుట్టినవాళ్లకు గ్యాసంటే భయం ఊరికే రాదు.

ఆవిడకు నేను చెప్పింది ఇది. అది భూమిలోంచి తోడే సహజవాయువు, దాన్నే సీఎన్‌జీగా అమ్ముతారు. ఇది మన వంటింటి గ్యాసు. పద్ధతిగా బిగించిన ట్యాంకుకు నింపడం ఎనభై శాతం దగ్గర ఆపే వాల్వు ఉంటుంది, ఒత్తిడి పెరిగితే వదిలే వాల్వు ఉంటుంది, పైపు తెగితే గ్యాసును ఆపే ఏర్పాటు ఉంటుంది. ప్లాస్టిక్కు పెట్రోలు ట్యాంకు కన్నా ఈ ఇనప ట్యాంకు దెబ్బకు బాగా ఆగుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా అమ్మ భయంలో ఒక నిజముంది, అది నాకు తర్వాత తట్టింది.

సీఎన్‌జీ గాలికన్నా తేలిక. కారితే పైకి పోయి చెదిరిపోతుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. ప్రొపేను ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు. అది కారితే కిందికి దిగి పల్లంలో నిలబడుతుంది. హైదరాబాదులో మా అపార్టుమెంటులాంటి వాటన్నింటికీ పార్కింగు ఎక్కడ? సెల్లారులో. సెల్లారులో ఇంకా ఏమున్నాయి? లిఫ్టు గుంట, జనరేటరు, కరెంటు మీటర్ల గది, మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం ఉండే గది. సాయంత్రం ఆ గది ముందర స్టవ్వు వెలుగుతుంది, ఇద్దరు చిన్నపిల్లలు అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకుంటారు. ఇటలీలో అన్ని భద్రతా ఏర్పాట్లున్న ఎల్‌పీజీ కార్లను కూడా భూగర్భ పార్కింగులో మొదటి అంతస్తు దాటి దించనివ్వరు. మన సెల్లార్లలో అలాంటి అడ్డు ఏదీ నేను చూడలేదు. మంచి కిట్టు కారదు, ఒప్పుకుంటాను. కానీ ఫిల్టరు మార్చిన కుర్రాడు బిగింపు సరిగా చేయకపోతే ఆ వాసన ముందు తగిలేది నాకు కాదు, వాళ్లకి. నా ఏడాది తొమ్మిది వేల కోసం వాళ్ల మంచాల పక్కన ఆ ట్యాంకు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. డబ్బు లెక్క ఇంకోలా తేలినా సెల్లారు ఉన్నంతకాలం నా నిర్ణయం ఇదే.

"సగానికి సగం" ఎక్కడిది?

మా ఆయన ఆఫీసు స్నేహితుడి మాటకు మళ్లీ వద్దాం. బంకు రేటు 65 మీద ఎంత లాగినా ఆదా పాతిక శాతం దాటడం లేదు. మరి ఆయనకు సగం ఎలా మిగులుతోంది? అబద్ధం చెప్పే మనిషి కాదట. అప్పుడు వంటింటి సిలిండరు లెక్క వేసి చూశాను. 14.2 కేజీల ఎర్ర సిలిండరులో ఉండేది దాదాపు 26 లీటర్లు. సిలిండరు వెయ్యి రూపాయలనుకున్నా లీటరు 38 పడుతుంది. కిలోమీటరుకు నాలుగు రూపాయలు. బ్లాకులో మూడొందలు ఎక్కువిచ్చి కొన్నా అయిదు రూపాయల పైన కాస్త. అంటే పెట్రోలులో సగం, సగానికి కాస్త అటూ ఇటూ. అంకె అచ్చంగా సరిపోయింది. మా ఆయన్ని కనుక్కోమన్నాను. "తెలిసినచోట పట్టిస్తుంటా" అన్నాడట.

ఆ తెలిసినచోట్లు ఎలా ఉంటాయో నేను చూశాను. మా కాలనీ వెనక సందులో ఒక షట్టరు సగం దించి ఉంటుంది. ఇనప స్టాండు మీద ఎర్ర సిలిండరు తలకిందులుగా నిలబెట్టి, చిన్న మోటారుకు నల్లటి గొట్టం తగిలించి, అక్కడ ఆగిన వ్యాను ట్యాంకులోకి గ్యాసు ఎక్కిస్తున్నారు. మోటారు తీగ అతుకుకు టేపు కూడా లేదు. వీధంతా వాసన. ఆ వ్యాను వెనక అద్దం మీద ఒక స్కూలు పేరుంది. లోపల సీట్ల కింద పిల్లల నీళ్ల బాటిలు ఒకటి దొర్లుతోంది.

ఇలా ఎక్కించేటప్పుడు ఎనభై శాతం దగ్గర ఆగే వాల్వును నమ్ముకోవడానికి లేదు. చాలా పాత వ్యాన్లలో ఆ వాల్వు పనిచేయదు, కొన్నింటిలో అసలు ట్యాంకే ఉండదు, సీటు వెనక సిలిండరే నేరుగా తగిలిస్తారు. ట్యాంకులో ఇరవై శాతం ఖాళీ ఊరికే ఉంచమనరు. మే నెల ఎండలో ద్రవం ఉబ్బుతుంది, ఆ ఉబ్బడానికి చోటు కావాలి. చోటు లేకపోతే సేఫ్టీ వాల్వు తెరుచుకుని గ్యాసు బయటికి కక్కుతుంది. అదీ వాల్వు బాగుంటేనే.

ఇంటి సిలిండరు బండికి వాడటం నేరం, నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు పెట్టొచ్చు. ఈ సంగతి వ్యాను డ్రైవర్లకు తెలియనిది కాదు. మా చిన్నదాని వ్యాను అతన్ని అడిగితే దాచకుండా చెప్పాడు. "బంకు గ్యాసు కొడితే నెలకు మీరిచ్చే ఫీజులో నాకేమీ మిగల్దమ్మా." అతని మాటలో న్యాయం లేదనను. ఫీజు వంద పెంచితే గొడవపడే తల్లిదండ్రుల్లో మేమూ ఉన్నాం. అయినా ఒక్క విషయంలో నాకు సందేహం లేదు: పెద్దవాడు తన కారులో తన ప్రాణంతో చేసే సాహసం వేరు, పన్నెండుమంది పిల్లల్ని కూర్చోబెట్టి చేసేది వేరు. మేం నలుగురు తల్లులం కలిసి మాట్లాడుకున్నాం. ఫీజు పెంచడానికి ఒప్పుకున్నాం, ప్రతి నెలా బంకు బిల్లులు చూపించాలన్న షరతు పెట్టాం. అతను ఒప్పుకున్నాడు. మిగతావాళ్లు కూడా తమ పిల్లల వ్యాను వెనక డోరు ఒక్కసారి తెరిచి చూడండి. ఎర్ర రంగు కనిపిస్తే ఊరుకోకండి.

తమ్ముడి బండి

ఇంటి కారు సంగతి తేలిపోయింది. అమలాపురంలో మా తమ్ముడి సంగతి వేరు. వాడికి పసుపు నంబరు ప్లేటు పెట్రోలు డిజైరు ఉంది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లను రాజమండ్రి, విశాఖ విమానాశ్రయాల నుంచి తెస్తాడు, పెళ్లిళ్ల సీజనులో తిరుపతి, అన్నవరం. నెలకు మూడు వేల కిలోమీటర్లు తేలిగ్గా తిరుగుతుంది. రోడ్డు మీద మైలేజీ 16. వాడికి ఎల్‌పీజీ లెక్క వేస్తే కిలోమీటరుకు రూపాయి అరవై పైసలు మిగులుతాయి. నా కారు కన్నా తక్కువే, కానీ కిలోమీటర్లు చూడండి. ఖర్చులు పోను ఏడాదికి 50 వేల దాకా వస్తుంది, కిట్టు డబ్బు ఏడాది తిరక్కుండానే వెనక్కొస్తుంది. ఆటో అతను చెప్పినట్టు, తిరిగే బండికి గ్యాసు.

ఇక్కడ ఎల్‌పీజీయా, సీఎన్‌జీయా అన్నది వాడికి నిజమైన సందిగ్ధం. గోదావరి జిల్లాల్లో గోదావరి గ్యాస్ వాళ్ల సీఎన్‌జీ బంకులున్నాయి. కేజీ 90 అనుకుని, కేజీకి 21 కిలోమీటర్లు వేసుకుంటే కిలోమీటరుకు 4 రూపాయల 30 పైసలు. ఎల్‌పీజీకి 5 రూపాయల పైన. వాడు తిరిగే దూరానికి ఈ తేడా ఏడాదికి పాతిక వేలు దాటుతుంది. కానీ డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు కూర్చుంటే కువైట్ నుంచి వచ్చిన మనిషి పెట్టెలు ఎక్కడ పెట్టాలి? తాళ్లు కట్టిన రెండు పెద్ద అట్టపెట్టెలు, ఒక దుప్పట్ల మూట, టీవీ. ఎల్‌పీజీ ట్యాంకయితే స్టెప్నీ గుంటలో పడుతుంది. పోనీ అంటే ఎల్‌పీజీ బంకు కోసం వాడు ప్రతిసారీ రాజమండ్రి దాకా పోవాలి. సీఎన్‌జీ సిలిండరును మూడేళ్లకొకసారి పరీక్ష చేయించాలన్న ఖర్చు కూడా ఉంది. అన్నీ చూసుకుని సీఎన్‌జీకే మొగ్గాడు, పెట్టెలకు పైన క్యారియరు వేయించుకుంటానన్నాడు. వాన కాలంలో టార్పాలిన్ కట్టుకోవడం ఒక పని, అది వాడికి తెలుసు.

వాడికి నేను గట్టిగా చెప్పింది కాగితాల గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంధనం మార్చితే ఆర్సీలో ఎక్కించాలి. కిట్టుకు ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి, బండ్లను పరీక్షించే సంస్థల ఆమోదం ఉండాలి, అదీ ఆ బండి రకానికి వర్తించాలి. వాడిది బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి. అలాంటి బండ్లకు 2022 నుంచి మాత్రమే బయట కిట్టు పెట్టించుకునే వీలొచ్చింది, కాబట్టి పాత బండికి సరిపోయిన కాగితం వాడి బండికి చాలదు. ఆర్సీలో లేని గ్యాసు బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. అప్పుడు ఏడాది ఆదా కాదు, ఇల్లు పోతుంది.

మొదట అడిగిన దుకాణంలో "ఆర్సీ సంగతి తర్వాత చూద్దాం, ముందు బిగించేద్దాం" అన్నారట. వాడు లేచి వచ్చేశాడు. రెండో దుకాణంవాళ్లు ఆమోదం కాగితం చూపించారు. వాడు దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. ఇంజను రకం, బండి మోడలు, కిట్టు నంబరు ఆర్సీతో పోల్చి చూశాను, సరిపోయాయి. కాగితానికి ఇంకా గడువుందో లేదో కూడా చూడమన్నాను, ఉంది. సగం డబ్బు ఇప్పుడు, మిగతా సగం కొత్త ఆర్సీ చేతికొచ్చాక ఇస్తానని రాయించుకుని బండి వాళ్లకు అప్పజెప్పాడు.